కృష్ణకమలం తీగ: కొండ మీద చలికి పోకుండా, కింద ఎండకు మొగ్గ రాలకుండా

సునాబెడ వచ్చాక మొదటి చలికాలం దాటగానే, బతికున్న కృష్ణకమలం తీగను చచ్చిపోయిందనుకుని నా చేత్తో నేనే తవ్వి పారేశాను. డిసెంబరులో ఆకులు ఎర్రబడ్డాయి, తర్వాత పసుపు తిరిగి ఒక్కొక్కటే రాలాయి, జనవరికల్లా కంచె మీద ఎండిన పురికొసల్లాంటి తీగలు మిగిలాయి. మార్చి మొదటి వారం దాకా చూశాను, ఓపిక పోయింది, గునపం పట్టుకున్నాను. మొదలు పైకి లేచాక చూస్తే మట్టిలో జానెడు లోతున తెల్లటి వేళ్లు, అందులో ఒకదాని మీద బియ్యపు గింజంత లేత మొలక. అప్పటికే సగం వేళ్లు తెగిపోయాయి. గబగబా మళ్లీ పాతి నీళ్లు పోశాను కానీ అది కోలుకోలేదు.

ఆ మొలక చూశాకే ఈ తీగ పద్ధతి నాకు అర్థమైంది. పువ్వు ఎప్పుడూ కొత్తగా సాగిన తీగకే పూస్తుంది, కాబట్టి చలికాలంలో మనం కాపాడాల్సింది ఆకుని కాదు, మొదలుని, వేరుని. కత్తిరింపు ఎప్పుడు, ఎరువు ఎప్పుడు ఆపాలి, నీళ్లు ఎంత, అన్నీ ఈ ఒక్క మాట నుంచే వస్తాయి.

నేను పుట్టింది పర్లాకిమిడిలో, కొన్నాళ్లు రాయగడలో ఉన్నాం, ఇప్పుడు సునాబెడ. మూడూ ఒడిశాలోనే, మూడు ఊళ్లలోనూ పెరట్లో తెలుగు వినిపిస్తుంది, కానీ తీగకు మాత్రం ఈ ఊరికీ ఆ ఊరికీ పొంతనే లేదు. రాయగడలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. సునాబెడ, సిమిలిగుడ, కొరాపుట్ వైపు దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ (1,672 మీటర్లు) మాకు దగ్గరే, చలికాలం రాత్రి పది డిగ్రీల లోపుకి పడిపోవడం ఇక్కడ మామూలు. హైదరాబాద్ మేడల మీద పెంచేవాళ్లు వీడియోల్లో చెప్పేది రాయగడకి కొంత పనికొస్తుంది, కొరాపుట్‌కి పనికిరాదు. బయటి దేశాలవాళ్లు నేల గడ్డకట్టే చలి గురించి చెప్పేది ఇద్దరికీ అక్కర్లేదు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు మీ దగ్గరున్నది ఏ తీగో చూసుకోండి

నర్సరీలో కృష్ణకమల్ అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. మనవాళ్లు కౌరవపాండవుల పువ్వు అంటారు, రాఖీ పువ్వు అని కూడా అంటారు. చుట్టూ వెంట్రుకల్లా ఉండే కేసరాల వరస నూరుగురు కౌరవులు, మధ్యలో అయిదు పుప్పొడి తిత్తులు పాండవులు, వాటి పైన మూడు కొమ్ములు త్రిమూర్తులు. మా అమ్మాయి బడిలో ఈ కథ విని వచ్చి నూరూ ఉన్నాయో లేదో తేల్చాలని కూర్చుంది, చీపురు పుల్లతో ఒక్కొక్క పోగూ పక్కకి తోస్తూ 87 దాకా వచ్చాక చీమ కుట్టి లెక్క పోయింది. నూరే ఉండాలని లేదు, రకాన్ని బట్టి మారుతుంది. ఇక దీని ఇంగ్లీషు పేరు ప్యాషన్ ఫ్లవర్, అందులోని ప్యాషన్‌కి ప్రేమతో ఏ సంబంధమూ లేదు. ఈ తీగలు ఎక్కువగా దక్షిణ అమెరికావి, అక్కడికి వెళ్లిన స్పెయిన్ మతబోధకులు ఈ పువ్వులో ఏసుక్రీస్తు శిలువ బాధను చూశారు, ముళ్లకిరీటం, గాయాలు, మేకులు అని. అదే పోగుల్లో వాళ్లకి ముళ్లకిరీటం కనబడింది, మనకి కౌరవులు కనబడ్డారు.

ఆకు చూసి రకం పోల్చుకోవచ్చు. అరచేయి విప్పినట్టు అయిదు వేళ్ల ఆకు ఉండి, తెల్లటి రేకుల మీద నీలం పోగులుంటే అది పాసిఫ్లోరా సెరూలియా. చలికి బాగా ఓర్చుకుంటుంది, మా వైపుకి మొదట పెట్టాల్సింది ఇదే. మూడు పాయల పల్చటి ఆకు, లేత ఊదా పువ్వు, పోగులు జుట్టు విరబోసుకున్నట్టు వంకర్లు తిరిగి ఉంటే అది ఇన్‌కార్నేటా. నేను పారేసింది ఇదే. చలి వస్తే పైనంతా ఎండిపోతుంది, చచ్చినట్టే కనబడుతుంది, ఎండలు ముదిరాక వేరు నుంచి లేస్తుంది, ఒక్కోసారి ఏప్రిల్ దాకా లేవదు. మూడు పాయలే కానీ దళసరిగా, నూనె రాసినట్టు మెరిసే ఆకైతే అది పళ్ల రకం, ఎడ్యూలిస్, మార్కెట్లో ప్యాషన్ ఫ్రూట్ అని అమ్మేది. ఎర్రటి పువ్వుల రకాలు చూడటానికి అద్భుతంగా ఉంటాయి కానీ చలికి వణికిపోతాయి, వాటి సంగతి తర్వాత చెప్తా.

రోడ్డు పక్క కంపల మీద పాకే జుమికి తీగ కూడా ఈ కుటుంబమే. చిన్న తెల్ల పువ్వు, కాయ చుట్టూ బంక బంకగా ఉండే ఆకుపచ్చ అల్లిక, ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిన వాసన. చిన్నప్పుడు పర్లాకిమిడిలో పండినవి ఏరుకుని తిన్నాం. అలాగని పెరట్లోకి తేకండి, గింజ పడిన ప్రతిచోటా మొలుస్తుంది, పీకలేక చస్తారు.

నాటడం

జూన్‌లో తొలకరి పడ్డాక నాటితే సగం పని వానే చేసిపెడుతుంది. కొండ మీద వానాకాలం నాలుగు నెలలూ నేల చిత్తడిగానే ఉంటుంది కాబట్టి గుంటలో పాతకండి, జానెడు ఎత్తు దిబ్బ చేసి దాని మీద పెట్టండి. ఈ తీగకి నీళ్లంటే ఇష్టమే, నీళ్లలో నిలబడటం మాత్రం ఇష్టం లేదు. మొదట్లో నీరు నిలిస్తే వేరు కుళ్లి, పొద్దున బాగున్న తీగ సాయంత్రానికి వడలిపోతుంది. అది చూసి నీళ్లు చాలలేదేమో అని ఇంకో బకెట్ పోస్తాం, దాంతో సరి.

మట్టి ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) ఒక పాలు. పచ్చి పేడ వద్దు. గుప్పెడు వేపపిండి తప్పకుండా కలపండి, పళ్ల రకాల్లో ఊదా పండు తీగ వేళ్లకి నులిపురుగులు పట్టి బుడిపెలు కడతాయి, వేపపిండి కొంత ఆపుతుంది. మా కొరాపుట్ ఎర్ర నేలలు చాలాచోట్ల పులుపు నేలలు, కట్టెల పొయ్యి బూడిద ఉంటే ఏడాదికి రెండుసార్లు మొదలు చుట్టూ పిడికెడు చల్లితే ఆ పులుపూ తగ్గుతుంది, పొటాషూ అందుతుంది. బొగ్గుల పొయ్యి బూడిద మాత్రం వద్దు.

కుండీ అయితే 12 నుంచి 14 అంగుళాలది చాలు. పెద్ద డ్రమ్ములో పెడితే తీగ వేళ్లు పరచుకోవడంలో పడి పువ్వు సంగతి మర్చిపోతుంది. కొంచెం ఇరుకుగా ఉంటేనే పూస్తుంది. నేలలో పెట్టేవాళ్లు, ముఖ్యంగా ఇన్‌కార్నేటా పెట్టేవాళ్లు, చుట్టూ పాత రేకు ముక్కలు అడుగు లోతు పాతండి, లేకపోతే పది అడుగుల అవతల పక్కింటివాళ్ల కొత్తిమీర మడిలో పిలకలు లేస్తాయి. మాకు ఆ తగవు కూడా అయ్యింది.

పందిరి గురించి ఒక్క మాట. ఈ తీగ గోడ పట్టుకోదు. నులితీగలతో చుట్టుకుంటుంది, అవి పెన్సిలంత లావు దాకానే పట్టుకోగలవు. వెదురు బొంగు పాతి ఊరుకుంటే జారి కింద పడుతుంది, దాని మీద కొబ్బరితాడో, పాత చేపల వలో, సన్నటి జీఐ తీగో కట్టాలి. బీరపాదుకి వేసే పందిరి చాలు, కాకపోతే ఇది నాలుగైదేళ్లు ఉండేది, గుంజలు గట్టివి వేయండి. గుబురు పెరిగితే పాములు చేరతాయని మా అత్తగారి గోల. ఆవిడ మాట కోసమని కింద అడుగున్నర దాకా ఆకు తీసేశాను, దాంతో గాలి ఆడి తెగుళ్లు కూడా తగ్గాయి.

పువ్వు ఎందుకు రావడం లేదు

అందరూ అడిగేది ఇదే. పోయిన ఏడు రాయగడ నుంచి మా వదిన ఫోన్ చేసింది.

"తీగ మేడెక్కేసింది, ఆకు చూస్తే అరచేయంత, మొగ్గ ఒక్కటి లేదు. నువ్వు ఇచ్చిన కొమ్మ మంచిది కాదేమో."

"కొమ్మదేం తప్పు వదినా, నువ్వు ఏటేస్తున్నావో చెప్పు."

"ఏటీ వెయ్యట్లేదు. మొక్కజొన్నకి తెచ్చిన యూరియా మిగిలితే నెలకో గుప్పెడు."

అదే. యూరియా అంటే ఉత్త నత్రజని. తీగ ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. పైగా కోళ్ల ఎరువు, బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన మజ్జిగ అన్నీ అక్కడే పోస్తాం, ఈ తీగకి పెట్టినకొద్దీ ఒళ్లే కానీ పువ్వు రాదు. వదిన చేత యూరియా మాన్పించి, మొదట్లో చెంచాడు సల్ఫేట్ ఆఫ్ పొటాష్, పిడికెడు ఎముకల పొడి వేయమన్నాను, నీళ్లు కాస్త తగ్గించమన్నాను. రెండు నెలలకి, దసరా ముందు, మొగ్గ ఫోటో పంపింది. వాన తగ్గడం కూడా కలిసొచ్చింది, అంతా నా ఘనతేమీ కాదు.

నా లెక్క ఇది. కత్తిరించిన వెంటనే వర్మీకంపోస్టు నాలుగు గుప్పెళ్లు, అప్పుడు ఆకు కావాలి కాబట్టి. కొత్త తీగ నాలుగు అడుగులు సాగాక నత్రజని ఎక్కువున్నవేవీ వద్దు, నెలన్నరకోసారి పొటాష్. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పోయమని అందరూ చెప్తారు, పోస్తే పోయండి, దాని వల్ల పెద్ద తేడా నేను చూడలేదు, దోమలు మాత్రం వచ్చాయి.

ఎండ రెండో సంగతి. రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా పడాలి. పనస చెట్టు కింద, రెండు క్వార్టర్ల మధ్య సందులో తీగ పెరుగుతుంది కానీ పూయదు. కింది ఊళ్లలో ఏప్రిల్, మే మధ్యాహ్నపు ఎండ మాత్రం దీనికీ ఎక్కువే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తూర్పు ఎండ తగిలే గోడ చూసుకోండి, మధ్యాహ్నానికి నీడ పడేలా. 38 డిగ్రీలు దాటిన రోజుల్లో మొగ్గలు పసుపు తిరిగి ముట్టుకుంటేనే రాలిపోతాయి. దానికి మందు లేదు, మొదట్లో గడ్డి కప్పి, పొద్దున్నే నీళ్లు పోసి, వాన కోసం ఎదురుచూడటమే. ఒకరోజు ఎండగట్టి ఇంకో రోజు ముంచెత్తినా మొగ్గ రాలుతుంది. ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చి పాపమని రెండు బిందెలు పోస్తే మర్నాడు మొగ్గలన్నీ నేల మీద ఉంటాయి. రోజూ కొంచెం, ఒకే లెక్కలో.

మూడోది వయసు. గింజ నుంచి పెంచితే ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు కూడా ఆగాలి. పూసిన తీగ కొమ్మ తెచ్చి నాటితే మరుసటి ఏడే పూస్తుంది. ఎవరైనా గింజలు ఇస్తామంటే దండం పెట్టి కొమ్మ అడగండి.

నాలుగోది పగటి పొడవు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పళ్ల రకం తీగకి పగలు చిన్నదైతే మొగ్గ కట్టదు. డిసెంబరులో మా దగ్గర పగలు 11 గంటలే, దానికి తోడు చలి. కాబట్టి పుష్యమాసంలో పువ్వు లేదని ఎరువు వేయడం దండగ. మా సునాబెడలో ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఒక విడత పూస్తుంది, జోరు వానల్లో తగ్గుతుంది, మళ్లీ వినాయక చవితి దాటాక కార్తీకం దాకా రెండో విడత. ఆ రెండో విడతే అందం, ఆకాశం తేటగా ఉంటుంది, పువ్వు రంగు కూడా చిక్కబడుతుంది.

ఒక్కో పువ్వు బతికేది ఒక్క రోజే, అందుకని రాలిపోయిందని బెంగ పడకండి, తీగ సాగుతున్నన్నాళ్లూ ఆకు ఆకుకీ ఒక మొగ్గ వస్తూనే ఉంటుంది. విచ్చుకునేటప్పుడు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. కొన్ని నిమిషాల్లో రేకులు వెనక్కి వాలతాయి, ముడుచుకున్న పోగులు చక్రంలా పరచుకుంటాయి, పుప్పొడి తిత్తులు బోర్లా తిరిగి కిందికి చూస్తాయి. మూడు కొమ్ములు మొదట పైకి నిలబడి ఉంటాయి, కాసేపయ్యాక మెల్లగా కిందికి వంగి తిత్తుల ఎత్తుకి వస్తాయి, పెద్ద నల్ల తుమ్మెద వచ్చి తేనె తాగుతుంటే దాని వీపు రెండింటికీ రాసుకునేలా.

కాయ కావాలంటే ఈ వంగడం చూసుకోవాలి. ఊదా పండు రకం తనంతట తానే కాస్తుంది. పసుపు పండు రకానికి ఇంకో తీగ పుప్పొడి కావాలి, అదే తీగ కొమ్మ నాటి పెంచిన రెండో తీగ పనికిరాదు, అది కూడా అదే మొక్క లెక్క. ఊదా పండు రకం పువ్వు తెల్లారే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుస్తుంది, పసుపు పండు రకానిది మధ్యాహ్నం విచ్చుకుని రాత్రికి ముడుస్తుంది. కొమ్ములు వంగాక వేలి కొసతో పుప్పొడి తీసి రాయండి. వాన పడుతుంటే మానేయండి, తడిస్తే పుప్పొడి రేణువులు పగిలిపోతాయి, వానాకాలంలో పువ్వున్నా కాయ నిలవకపోవడానికి అదో కారణం. కుదిరితే కావేరి రకం నారు తెప్పించుకోండి, కర్ణాటక కొడగులోని చెట్టళ్లి ఉద్యాన పరిశోధన కేంద్రంలో ఊదా, పసుపు రకాలు కలిపి తయారు చేసింది. కాయ రెండు, రెండున్నర నెలల్లో పండి తనే రాలుతుంది, రాలిందే తినండి. పచ్చికాయలో, ఆకులో విషపు గుణం ఉంటుంది. నిద్రకి మంచిదని ఆకు టీ కాచుకునేవాళ్లు కనబడుతున్నారు, మన పెరట్లో ఉన్నది ఏ రకమో గట్టిగా తెలియనప్పుడు ఆ ప్రయోగం వద్దు. మేకలకి కూడా వేయకండి.

పురుగులు

నారింజ రెక్కల మీద నల్ల చుక్కలున్న సీతాకోకచిలుక ఒకటి నెమ్మదిగా, తొందర లేనట్టు తీగ చుట్టూ తిరుగుతుంటే పదిరోజుల్లో మీ ఆకులు ఉండవు. ఆకు కింద పసుపు గుడ్లు గుంపుగా పెడుతుంది, ఒళ్లంతా ముళ్లున్న ఎర్రమట్టి రంగు గొంగళ్లు వస్తాయి. ఆ ముళ్లు చూసి భయపడక్కర్లేదు, గుడ్లున్న ఆకు గిల్లేస్తే చాలు. నేనైతే కంచె చివర ఒక తీగ వాటికే వదిలేశాను, గొంగళ్లు కనబడితే అక్కడికి మోసుకెళ్తాను. వేరు బాగుంటే ఆకు మొత్తం పోయినా మళ్లీ వస్తుంది.

ఆకు కాడ మీద చిన్న బొడిపెలు చూసి తెగులు అనుకోకండి, అవి తేనె గ్రంథులు, చీమలు అందుకే వస్తాయి. కానీ చీమల బారు మరీ ఎక్కువైతే కణుపుల్లో పిండినల్లి ఉందేమో చూడండి, ఉంటే సబ్బునీళ్లతో తుడిచి, వారం ఆగి వేపనూనె. ఆకులు ముడతపడి, పసుపు ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, తీగ గిడసబారితే అది వైరస్, పేనుబంక మోసుకొస్తుంది. ఆ తీగ పీకి కాల్చేయండి, దాని కొమ్మ ఎవరికీ ఇవ్వకండి.

చలికాలం

కింది ఊళ్లవాళ్లకి పెద్ద పని లేదు. రాయగడలో, పర్లాకిమిడిలో తీగ చలికాలమంతా పచ్చగానే ఉంటుంది, నెమ్మదిస్తుంది అంతే. నీళ్లు సగం చేయండి, ఎరువు ఆపండి, సరిపోతుంది. కొండ మీదే అసలు పని, అది దసరా నుంచే మొదలవుతుంది.

దసరా తర్వాత ఎరువు ఏదీ వేయకండి. ఇప్పుడు ఎరువు వేస్తే లేత చిగుళ్లు వస్తాయి, చలికి ముందు పోయేవి అవే, మాడి నల్లబడతాయి, ఆ నలుపు కిందికి పాకుతుంది. దీపావళి దాటాక నీళ్లు తగ్గిస్తూ రండి. డిసెంబరులో మట్టి రెండు అంగుళాల లోతు వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయాలి, అదీ ఎండెక్కాక పొద్దున. సాయంత్రం పోసి రాత్రంతా చల్లటి బురదలో వేళ్లు ఉంచితే చలి చేయని పని బురద చేస్తుంది. నా అంచనాలో మా వైపు చలికి పోయిన తీగల కంటే చలికాలం నీళ్లకి కుళ్లినవే ఎక్కువ.

మొదలు చుట్టూ మూరెడు వెడల్పున వరిగడ్డి నాలుగు అంగుళాలు పరచండి, కాండానికి మాత్రం రెండు వేళ్ల ఎడం వదలండి, ఆనితే కుళ్లుతుంది. గడ్డి దొరక్కపోతే సిల్వర్ ఓక్ ఆకులు, కాఫీ తోటల దగ్గర బస్తాలకొద్దీ రాలి ఉంటాయి, అవి త్వరగా చివికిపోవు. మా పక్క కొన్ని రాత్రులు గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకడుతుంది. పొగమంచు కమ్మిన రాత్రి కాదు, ఆకాశం తేటగా, చుక్కలు దగ్గరగా కనబడుతూ, గాలి కదలని రాత్రి అసలు చలి. అలాంటి సాయంత్రం పాత నూలు దుప్పటో, చీరో పందిరి మీద నుంచి నేల దాకా వేయండి, నేల వేడి లోపలే ఉంటుంది. ప్లాస్టిక్ పట్టా వేయకండి, ఆకుకి తగిలినచోటల్లా మాడుతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. ఒకసారి బద్ధకించి రెండు రోజులు అలాగే ఉంచాను, లోపల ఆకు బూజు పట్టింది.

కుండీల్లో ఉన్నవాటికి చలి పక్కల నుంచి కూడా తగులుతుంది, నేలలో ఉన్నవాటి కన్నా అవి ముందు దెబ్బతింటాయి. పడమటి ఎండ తగిలే గోడ వారగా జరిపి, నాలుగైదు కుండీలు ఒకదానికొకటి ఆనించి, చుట్టూ గోనెసంచి కట్టండి. ఎర్రపువ్వు రకాలుంటే వాటిని బయట ఉంచనే వద్దు, రాత్రి 10 డిగ్రీల లోపుకి వెళ్తుందనగానే వసారాలోకో, కిటికీ పక్కకో తెచ్చేయండి. పొడవు తీగలు అడ్డమైతే సగానికి కోసినా ఫర్వాలేదు. ఆకు రాలుస్తుంది, రాల్చనివ్వండి.

ఎర్రవి ఇంట్లోకి తెచ్చేటప్పుడు తప్ప చలికాలంలో కత్తెర ముట్టకండి. ఎండిన తీగలు చూడటానికి బాగుండవు, సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేస్తూ అందరికీ చేతులు దురద పెడతాయి, నిజమే. కానీ కోసిన చోట చిగురు పుట్టించే గుణం తీగది, జనవరిలో పుట్టిన చిగురు జనవరి చలికే పోతుంది. పైన ఎండిన తీగలే కింద ఉన్న మొదలుకి దుప్పటి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ తర్వాతే కత్తెర.

అప్పుడు కూడా ముందు గోటితో గీరి చూడండి. కొస నుంచి మొదలు వైపు వస్తూ జానెడుకోసారి తీగ తోలు కొద్దిగా గీరాలి. లోపల గోధుమరంగు, పొడిగా ఉంటే చచ్చింది, పెసరపప్పు పొట్టులాంటి పచ్చదనం, కాస్త తడి తగిలితే బతికుంది. ఆ పచ్చదనం మొదలైన చోట, బతికున్న కణుపుకి కాస్త పైన కోయండి. పళ్ల రకాన్ని మరీ మొదలంటా ముదురు మాను మీదికి కోయొద్దు, దానికి అక్కడ నుంచి చిగురు రావడం కష్టం, లావు కొమ్మలు ఉంచి వాటి పక్క తీగలే పొట్టి చేయాలి. సెరూలియా ఎంత కోసినా లేస్తుంది. ఇన్‌కార్నేటా అయితే మొదలంటా ఎండిందనే అనిపిస్తుంది, నేల మీద జానెడు ఉంచి కోసి, పక్కన పుల్ల గుచ్చి, ఉగాది వెళ్లి మరో నెల దాకా దాని జోలికి పోకండి. పుల్ల ఎందుకంటే అక్కడ ఏమీ లేదనుకుని ఎవరో ఒకరు వంగ నారు పెట్టేస్తారు.

కొమ్మ నాటుకోవడం

మంచి సమయం ఆషాఢం, శ్రావణం. మరీ లేతది కాకుండా, మరీ కట్టెబారినది కాకుండా, వంచితే వంగి విరగని తీగ తీసుకోండి, జానెడు ముక్క, మూడు నాలుగు కణుపులు. కింది కణుపుకి అర అంగుళం కిందగా ఏటవాలుగా కోయాలి. నులితీగలు, మొగ్గలు తీసేయండి, పై రెండు ఆకులు మాత్రం ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరించండి. ఇసుక, గెత్తం సగం సగం కలిపిన సంచిలో ఒక కణుపు పూర్తిగా మట్టిలోకి పోయేలా గుచ్చి, నీడలో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో వేరు వస్తుంది, మెల్లగా లాగితే కదలకపోవాలి. పది పెడితే ఆరు బతుకుతాయి నాకు. అంతకన్నా తేలిక కావాలంటే నేల మీద పాకుతున్న తీగని ఒక కణుపు దగ్గర మట్టితో కప్పి పైన రాయి పెట్టండి, రెండు నెలల తర్వాత తల్లి నుంచి కోసేయొచ్చు.

దూరం తీసుకెళ్లాలంటే కొమ్మలు తడి న్యూస్ పేపరులో చుట్టి, అరటాకులో పెట్టి కట్టండి. ప్లాస్టిక్ కవరులో మూటగట్టి బస్సు పైన వేస్తే దిగేటప్పటికి ఉడికిపోతాయి. కొరాపుట్ నుంచి రాయగడ రైల్లో నా కాళ్ల దగ్గర సంచిలో పెట్టుకుని పట్టుకెళ్లినవే వదిన మేడ మీదున్నవి. ఈ మధ్య ఆ తీగ పక్కింటివాళ్ల డిష్ యాంటెన్నా కూడా చుట్టుకుందట, టీవీ రావడం లేదని వాళ్లు వచ్చి గొడవ పడితే వదిన నాలుగు కొమ్మలు కోసి వాళ్ల చేతిలోనే పెట్టిందట.